పసిపాప పడకకు పరుపు ఎలా ఉండవలెను?

శిశువు పుట్టిన ఇంట స్నానం, నూనె మర్దన, పాలు పట్టడం వంటి విషయాలలో పెద్దలు ఎంతో శ్రద్ధ వహిస్తారు. ఏ నూనె మంచిది, ఏ వేళ స్నానం చేయించవలెను అనే చర్చ ప్రతి ఇంటా జరుగుతుంది. కాని పరుపు విషయానికి వచ్చేసరికి, "మెత్తగా ఉంటే చాలు" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటారు. అప్పుడే పుట్టిన బిడ్డ రోజుకు 14 నుండి 17 గంటలు నిద్రిస్తుంది. అనగా బిడ్డ జీవితంలో తొలి మాసాలలో సగానికి మించిన కాలం పడకపైనే గడుస్తుంది. అందుచేత ఆ పడక ఎలా ఉండవలెనో తెలుసుకోవడం ప్రతి గృహస్థుకూ ఆవశ్యకం.

పెద్దలకు మెత్తని పడక సుఖమే కావచ్చు. హంసతూలికాతల్పం మన కథలలో రాజభోగానికి గుర్తు. పసిబిడ్డకు మాత్రం ఆ మెత్తదనమే ప్రమాద హేతువు. శిశువు పరుపుకు ఉండవలసిన లక్షణాలు మూడు: అది గట్టిగా ఉండవలెను, సమతలంగా ఉండవలెను, మంచంలో ఏ వైపునా సందు లేకుండా అమరవలెను. మిగిలిన విషయాలన్నీ వీటి తరువాతనే.

ఆయుర్వేదం చెప్పినది

శిశువు పడకను గురించి మన ప్రాచీన వైద్యులు ప్రత్యేకంగా ఆలోచించారు. చరక సంహిత శారీరస్థానంలో ఎనిమిదవ అధ్యాయమైన జాతిసూత్రీయంలో శిశువు నివసించే గదిని గురించి, పడకను గురించి, పక్కబట్టలను గురించి వివరణ కలదు. శిశువు పడక, పరచే బట్టలు, కప్పే బట్టలు మృదువుగా, తేలికగా, శుచిగా, సుగంధంగా ఉండవలెనని చరకుడు చెప్పాడు. చెమట, మురికి, క్రిములు చేరినవీ, మలమూత్రాలతో తడిసినవీ విడిచిపెట్టవలెను. వేరే బట్టలు సమకూరనప్పుడు వాటినే బాగుగా ఉతికి, ధూపం వేసి, పూర్తిగా ఆరిన తరువాత వాడవచ్చునని కూడా ఆయన చెప్పాడు.

ఇక్కడ "మృదువు" అన్న మాటను చూసి, బిడ్డ కూరుకుపోయేంత మెత్తని పరుపు వేయవలెనని భావించరాదు. శిశువు చర్మానికి ఒరపిడి కలిగించని నూలుబట్ట మృదువైనదే. ఆ బట్ట కింద ఉండే ఆధారం మాత్రం గట్టిగా ఉండవలెను. పక్కనే "తేలిక" అన్న మాట కూడా ఉన్నదని మరువరాదు. బరువైన బొంతలు, రగ్గులు పసిబిడ్డకు తగవు. శుభ్రత, పొడిదనం గురించి చరకుడు చెప్పిన నియమాలు నేటికీ అక్షరాలా పాటించదగినవి.

మెత్తదనం వల్ల కీడు ఏమిటి?

శిశువు శరీర నిర్మాణాన్ని గమనిస్తే ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. అప్పుడే పుట్టిన బిడ్డ తల, శరీరం పొడవులో నాలుగవ వంతు ఉంటుంది. ఆ తలను నిలిపే మెడ కండరాలు మాత్రం బలహీనంగా ఉంటాయి. తొలి మాసాలలో శిశువు ప్రధానంగా ముక్కుతోనే శ్వాసిస్తుంది. బిడ్డ ముఖం మెత్తని పరుపులోకో దిండులోకో ఒరిగితే, తల ఎత్తి పక్కకు తిప్పుకొనే శక్తి దానికి ఉండదు. ముక్కు చుట్టూ ఏర్పడిన గుంటలో విడిచిన గాలి నిలిచిపోతుంది. బిడ్డ ఆ గాలినే మరల మరల పీల్చడం వల్ల ప్రాణవాయువు తగ్గి, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. పెద్దవారైతే ఉక్కిరిబిక్కిరై మేల్కొంటారు. పసిబిడ్డ మేల్కొనకపోవచ్చు. ఏడుపు గాని, పెనుగులాట గాని లేకుండానే ప్రాణాపాయం కలుగవచ్చు.

మెత్తని పరుపు మరొక విధంగా కూడా హాని చేస్తుంది. బిడ్డ వీపు అందులో దిగబడినప్పుడు శరీరంలోని వేడి బయటకు పోదు. అధికంగా వేడెక్కడం కూడా నిద్రలో సంభవించే ఆకస్మిక మరణాలకు దోహదం చేసే అంశాలలో ఒకటి. వేసవి తీవ్రంగా ఉండే మన ప్రాంతంలో ఇది ఉపేక్షించదగిన విషయం కాదు.

ఇతర దేశాల అనుభవం

ఒకప్పుడు పాశ్చాత్య దేశాలలో శిశువులను బోర్లా పడుకోబెట్టమని సలహా ఇచ్చేవారు. 1970వ దశకంలో ఈ పద్ధతి నెదర్లాండ్స్‌లో వ్యాపించగా, శిశువుల ఆకస్మిక మరణాలు పెరిగాయి. 1987లో అక్కడ ఆ సలహాను ఉపసంహరించుకోగా మరణాలు తగ్గాయి. బ్రిటన్‌లో 1991లోను, అమెరికాలో 1994లోను బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టమని దేశవ్యాప్త ప్రచారాలు జరిగాయి. అమెరికాలో ఈ మరణాల రేటు తరువాతి సంవత్సరాలలో సగానికి పడిపోయింది. ఏ ఔషధమూ లేకుండా, పడుకోబెట్టే తీరు మార్చినందువల్ల ఇంతటి మేలు కలిగింది.

అనంతరం నిపుణుల దృష్టి పడకపైకి మళ్ళింది. ఒక పక్క కిందకు దిగే రకం పిల్లల మంచాలలో బిడ్డలు ఇరుక్కొని మరణించినందున, 2011 నుండి అమెరికాలో వాటి అమ్మకాన్ని నిషేధించారు. 10 డిగ్రీలకు మించి వాలుగా ఉండే శిశు పడకలను, ఊచల చుట్టూ కట్టే మెత్తలను 2022లో చట్టం ద్వారా నిషేధించారు. మన బజారులో ఇటువంటి మెత్తలు, వాలు పడకలు ముచ్చటైన రంగులలో కనిపిస్తాయి. అమ్మకానికి ఉన్నంత మాత్రాన ఒక వస్తువు సురక్షితమని నమ్మరాదు.

కొలత తీసుకొనే విధానం

దుకాణాలలో బేబీ కాట్ అని పిలిచే ఊచల మంచం వాడే ఇళ్లు ఇప్పుడు అనేకం. కొందరు వడ్రంగి చేత టేకుతో చేయిస్తారు. కొందరికి బంధువుల ఇంటి నుండి పాత మంచం వస్తుంది. ఈ మంచాలన్నింటి కొలతలు ఒకే విధంగా ఉండవు. కనుక ముందు పరుపు కొని, తరువాత మంచంలో ఇరికించే ప్రయత్నం చేయరాదు. మంచం లోపలి పొడవు, వెడల్పు టేపుతో కొలిచి, ఆ కొలతకు పరుపు తీసుకొనవలెను. పరుపుల దుకాణం వారు కోరిన కొలతకు కోసి, కుట్టి ఇస్తారు.

ఒక ఉదాహరణ చూడండి. మంచం లోపలి కొలత 120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు అనుకుందాం. దానిలో 56 సెంటీమీటర్ల వెడల్పు గల పరుపు వేస్తే, చూడటానికి రెండు వైపులా రెండేసి సెంటీమీటర్ల సందు మాత్రమే కనిపిస్తుంది. బిడ్డ కదలికకు పరుపు ఒక పక్కకు జరిగిందంటే, మొత్తం 4 సెంటీమీటర్ల సందు రెండవ వైపున ఏర్పడుతుంది. బిడ్డ దొర్లి ఆ వైపుకు చేరినప్పుడు కాలో చేయో అందులో ఇరుక్కుంటుంది. ముఖం పరుపు అంచుకూ ఊచలకూ నడుమ నొక్కుకుపోతుంది.

అందువలన పరుపును మంచంలో వేసిన పిమ్మట ఒక మూలకు పూర్తిగా నెట్టి, ఎదుటి వైపు సందును పరిశీలించవలెను. ఆ సందులో రెండు వేళ్లు పక్కపక్కన దూరితే ఆ పరుపు ఆ మంచానికి పనికిరాదు. నాలుగు మూలలనూ చూడవలెను. గుండ్రని మూలలు గల పరుపు పక్కల సరిపోయినా మూలల్లో ఖాళీ వదులుతుంది. సందులో చీర చుట్టో తువ్వాలు మడిచో కూరడం పరిష్కారం కాదు. అవి ఊడివచ్చి బిడ్డ ముఖంపై పడే ప్రమాదం ఉన్నది.

మంచం ఊచలను కూడా ఈ సందర్భంలోనే పరీక్షించండి. ఊచకూ ఊచకూ మధ్య దూరం 6 సెంటీమీటర్లు మించరాదు. అంతకన్న ఎక్కువ ఉంటే బిడ్డ శరీరం జారి తల ఇరుక్కొనవచ్చు. పరుపు మందం 6 అంగుళాలు మించకుండుట మంచిది. మందం పెరిగిన కొలది పక్క కమ్మీ ఎత్తు తగ్గుతుంది. బిడ్డ నిలబడటం నేర్చిన రోజున కమ్మీ దాటి కింద పడుతుంది.

గట్టిదనం పరీక్షించడం

దుకాణంలో పరుపును వేళ్లతో తాకి చూసి ఊరుకొనరాదు. అరచేతిని నడుమన ఉంచి బలంగా అదిమి, వెంటనే తీయవలెను. పరుపు తక్షణమే యథాస్థితికి రావలెను. చేతి గుర్తు నిలిచిపోతే అది శిశువుకు తగదు. ఇదే విధంగా నాలుగు అంచులనూ అదిమి చూడవలెను. నడుమ గట్టిగా ఉండి అంచులు కుంగే పరుపులు ఉంటాయి. వాడుకలోకి వచ్చాక కూడా పరీక్ష ఆపరాదు. నిద్ర లేచిన బిడ్డను ఎత్తుకున్న తరువాత తల ఉన్న చోట గుంట కనిపిస్తే, ఆ పరుపు మార్చవలసిన సమయం వచ్చినట్లే.

ఏ పరుపు మేలు?

దూది పరుపు: మన ఇళ్లలో అనాదిగా వాడుకలో ఉన్నది. దట్టంగా కూరి, దగ్గర దగ్గరగా కుట్లు వేసిన పలుచని దూది పరుపు గట్టిగానే ఉంటుంది, గాలి ఆడుతుంది. అయితే దూది తడిని పీల్చుకొంటుంది. కొంతకాలానికి ఉండలు కట్టి ఎగుడుదిగుడు అవుతుంది. అప్పుడు దూదిని ఏకించి తిరిగి కుట్టించవలెను.

బూరుగుదూది: ఇది మిక్కిలి తేలిక, మిక్కిలి మెత్తన. పెద్దల తలగడలకు శ్రేష్ఠమే కాని, వేడిని నిలుపుతుంది, ఒత్తిడికి కుంగిపోతుంది. శిశువు పరుపుకు ఇది తగదు.

కొబ్బరి పీచు పరుపు: రబ్బరు పాలతో బిగించిన కొబ్బరి పీచు గట్టిగా ఉండి, గాలిని ఆడనిస్తుంది. ఉష్ణ ప్రదేశాలకు అనుకూలం. పై గుడ్డ చిరిగి పీచు పొడుచుకు రాకుండా చూసుకొనవలెను. నడుమ కుంగినట్లు కనిపిస్తే మార్చవలెను.

ఫోమ్ పరుపు: సాంద్రత ఎక్కువ గలది గట్టిగా ఉంటుంది. తక్కువ ధర ఫోమ్ కొద్ది మాసాలలోనే కుంగుతుంది. శరీరం ఆకారానికి తగినట్లు అణిగిపోయే మెమరీ ఫోమ్ పెద్దల నడుము నొప్పికి ఎంత ఉపయోగపడినా, పసిబిడ్డకు ఎంతమాత్రం పనికిరాదు.

పదార్థం ఏదైనా మొదట చెప్పిన మూడు లక్షణాలే గీటురాయి. ఖరీదు ఎక్కువైనంత మాత్రాన భద్రత పెరగదు.

పరుపుపై ఏమి ఉండవచ్చు?

పరుపుకు సరిగా బిగిసే ఒక పలుచని నూలు దుప్పటి చాలును. నూలుబట్ట ఉతికినప్పుడు కుంచించుకుపోతుంది గనుక, ముందుగా ఒకసారి తడిపి, ఆరబెట్టి, ఆ తరువాత కుట్టించవలెను. లేనిచో బిగిసిన దుప్పటి పరుపు మూలలను పైకి లాగి వంచుతుంది. తడి దిగకుండా రబ్బరు షీటు వాడదలచినవారు దానిని దుప్పటి కింద బిగుతుగా, ముడతలు లేకుండా పరచవలెను. పలుచని ప్లాస్టిక్ సంచులు, కొత్త పరుపుకు చుట్టి వచ్చిన కవరు ఎన్నడూ ఉంచరాదు. అవి ముఖానికి అంటుకొని ఊపిరి ఆపగలవు.

తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు వేయడం అనేక కుటుంబాలలో ఆచారం. ఏడాది నిండని బిడ్డకు నిద్రలో ఏ దిండూ అవసరం లేదు. దిండు నుండి తల జారినప్పుడు మెడ వంగుతుంది. ముఖం దిండుకు ఆనుతుంది. కుట్టు ఊడితే ఆవాలు ముక్కులోకీ నోటిలోకీ పోవచ్చు. తల ఆకారం కొరకు చేయదగినది వేరే ఉన్నది. నిద్రించేటప్పుడు తలను ఒకనాడు కుడి వైపుకు, ఒకనాడు ఎడమ వైపుకు తిప్పి ఉంచవలెను. మెలకువగా ఉన్నప్పుడు పెద్దల సమక్షంలో కాసేపు బోర్లా పడుకోబెట్టవలెను. దీనివల్ల మెడ, భుజాల కండరాలు కూడా బలపడతాయి.

జలుబు చేసినప్పుడు, పాలు కక్కుతున్నప్పుడు పరుపు కింద దిండు పెట్టి తలవైపు ఎత్తు చేసే అలవాటు కూడా మంచిది కాదు. వాలుపై బిడ్డ కిందకు జారి, గడ్డం రొమ్ముకు ఆని, శ్వాసమార్గం మూసుకొనే అవకాశం ఉన్నది. బిడ్డ ఎక్కువగా కక్కుతున్నా, ముక్కు బిగిసి పాలు తాగలేకపోయినా వైద్యుని సంప్రదించవలెను. బొమ్మలు, వదులు దుప్పట్లు, మెడలో తాళ్లు, తాయెత్తులు నిద్రవేళ ఉండరాదు. దోమతెరను మంచానికి వెలుపలి నుండి బిగుతుగా కట్టవలెను.

ఉయ్యాల, నవారు మంచం, నేల పడక

తెలంగాణలో తొట్టెల అని పిలిచే ఉయ్యాలలో బిడ్డను వేయడం మనకు వేడుక. ఆ సంప్రదాయాన్ని విడనాడవలసిన పని లేదు. చెక్క ఉయ్యాలలో కూడా అడుగున సమతలమైన, సరిగా అమరిన పలుచని పరుపే వేయవలెను. మెత్తగా ఉండాలని బొంతపై బొంత పేర్చరాదు. చీర ఉయ్యాలలో బిడ్డ శరీరం విల్లువలె వంగి, గడ్డం రొమ్ముకు ఆనుతుంది. పెద్దలు పక్కన ఉండి కాసేపు ఊపడానికే దానిని పరిమితం చేసి, కునుకు పట్టగానే సమతలమైన పడకపైకి మార్చవలెను.

నవారు మంచం, నులక మంచం నడుమ కుంగుతాయి గనుక పసిబిడ్డను వాటిపై ఒంటరిగా నిద్రపుచ్చరాదు. ఇందుకు భిన్నంగా, నేలపై చాప పరచి, దానిపై మడత సడలని పలుచని బొంత వేసిన పడక గట్టిదీ, సమతలమైనదీ కూడా. ఊచల మంచం కొనలేని కుటుంబం చింతించవలసిన పని లేదు. చీమలు, తేమ లేని చోటు చూసుకొని, గోడకు దూరంగా వేయవలెను. కనీసం తొలి ఆరు మాసాలు బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే, చేతికి అందే దూరంలో, తనకంటూ వేరైన పడకపై నిద్రించడం శ్రేయస్కరం.

పరుపు సంరక్షణ

దూది పరుపును వారానికి ఒకసారి ఎండలో రెండు వైపులా ఆరబెట్టవలెను. ఫోమ్, కొబ్బరి పీచు పరుపులు తీవ్రమైన ఎండకు పెళుసుబారుతాయి గనుక, గాలి ఆడే నీడలో ఉంచవలెను. బిడ్డ పక్క తడిపినప్పుడు పొడిబట్టతో అద్ది, తడిబట్టతో తుడిచి, లోపలి వరకు ఆరిన తరువాతనే తిరిగి వాడవలెను. పక్కబట్టలను కుంకుడు రసంతో ఉతికి, మంచినీటితో బాగుగా జాడించి, ఎండబెట్టవలెను.

దాచిన బట్టలలో కలరా ఉండలు, అనగా నాఫ్తలీన్ గోళీలు వేయడం సర్వసాధారణం. ఇది శిశువుకు ప్రమాదకరం. పుట్టుకతో జి-6-పి-డి అనే ఎంజైము లోపం గల బిడ్డలలో, ఆ వాసన పట్టిన బట్టలు తగిలినా ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమై తీవ్రమైన కామెర్లు రావచ్చు. ఆ లోపం ఉన్నదీ లేనిదీ పైకి తెలియదు. కావున శిశువు బట్టలు దాచే పెట్టెలో వాటికి బదులు ఎండిన వేపాకును గుడ్డలో మూటగట్టి ఉంచవలెను. బట్టలను వాడే ముందు దులిపి, ఎండలో ఆరవేయవలెను.

ధూపం విషయంలో కూడా వివేకం అవసరం. చరకుడు ధూపం వేయమన్నది పక్కబట్టలకు. సాంబ్రాణి పొగను బట్టలకు వేయదలచినవారు బిడ్డ లేని చోట వేసి, వాసన పలుచబడిన తరువాత వాడవలెను. నిద్రించే గదిలో సాంబ్రాణి, అగరువత్తి, దోమల చుట్ట, చుట్ట, సిగరెట్టు – ఏ పొగ అయినా శిశువు ఊపిరితిత్తులకు చేటే.

కొన్ని సందేహాలు

వెల్లకిలా పడుకుంటే పాలు గొంతుకు అడ్డుపడవా? – పడవు. వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం పైన, అన్ననాళం కింద ఉంటాయి. కక్కిన పాలు బరువు వల్ల అన్ననాళం వైపే ఉంటాయి. బోర్లా ఉన్నప్పుడు ఈ అమరిక తలకిందులవుతుంది.

పాత పరుపు వాడవచ్చునా? – కొత్తదైతే మేలు. వేరొక ఇంటి నుండి తెచ్చిన పాత పరుపుకూ శిశువుల ఆకస్మిక మరణాలకూ సంబంధం కనిపించినట్లు స్కాట్లాండ్‌లో జరిగిన ఒక పరిశీలన 2002లో తెలిపింది. తప్పనిసరి అయితే కుంగుడు, చిరుగులు, బూజు వాసన లేవని నిర్ధారించుకొని, కొలత సరిచూసి వాడవలెను.

పరుపులోని రసాయనాలే ఈ మరణాలకు కారణమని విన్నాము, నిజమేనా? – 1990వ దశకంలో బ్రిటన్‌లో ఇటువంటి ప్రచారం జరిగి, తల్లులు భయాందోళనలకు లోనయ్యారు. ఒక నిపుణుల సంఘం విచారణ జరిపి, ఆ వాదనకు ఆధారం లేదని 1998లో ప్రకటించింది.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు, శ్వాస లేదా గుండె సంబంధమైన వ్యాధులు గల బిడ్డలకు పడక ఏర్పాటును శిశువైద్యుని సలహా మేరకే చేయవలెను.

అమ్మమ్మలు, నాయనమ్మలు మనుమల కొరకు ప్రేమతో మెత్తని పరుపులు, దిండ్లు సిద్ధం చేస్తారు. ఆ ప్రేమను కాదనవలసిన అవసరం లేదు. చేతికి వచ్చిన ఆ మెత్తని నూలుచీరలతో పలుచని పొత్తిగుడ్డలు, పక్క దుప్పట్లు కుట్టించవచ్చు. బిడ్డ పడుకొనే చోట మాత్రం ఒక గట్టి పరుపు, దానిపై బిగుతైన ఒక దుప్పటి, వెల్లకిలా బిడ్డ – ఇంతే ఉండవలెను. చూసేవారికి ఆ పడక బోసిగా తోచవచ్చు గాని, బిడ్డకు కావలసినదేదీ అందులో లోపించదు.